కాలవ మూసిన ఏడు

మండికల్లులో బైరప్ప ఇంటికీ తమ్ముడు మునినారాయణ ఇంటికీ నడుమ గోడ లేచినప్పుడు అన్నీ సగం సగం పంచారు. ఎద్దులు పంచారు, గాదెలు పంచారు, పట్టుపురుగుల తట్టలు పంచారు. పెరటి బావిని పంచడం ఎవరికీ చేతకాక అది బైరప్ప వైపే ఉండిపోయింది. నీళ్ళలో మాత్రం తమ్ముడికి వంతు ఉంది. వంతు రోజున మునినారాయణ తన ఎద్దుల్ని అన్న పెరట్లోకి తోలుకెళ్ళి కపిల తోలుకోవాలి, అంటే ఎద్దుల చేత మోకు లాగించి తోలుబానతో నీళ్ళు తోడుకోవాలి. బాన కుమ్మరించిన నీళ్ళు కాలవ పట్టుకుని, గోడ కింది తూములో దూరి ఇవతలికి వస్తాయి. వచ్చీ రావడంతోనే తురాయి చెట్టు మొదలు తడిపి, ఆ తరువాతే మల్బరీ మడులకు పోతాయి.

అన్నదమ్ముల మధ్య గోడకన్నా ఎత్తయిన తగువు ఆ తురాయి చెట్టు.

దాన్ని నాటింది మునినారాయణ భార్య యశోదమ్మ. ఇల్లు ఒకటిగా ఉన్న రోజుల్లో ఆమె ఒక వేసవిలో చెల్లెలి కాన్పుకని బెంగళూరు కంటోన్మెంటుకు పోయింది. అక్కడ బంగళాల వీధి పొడుగునా, ఆకన్నది కనబడకుండా, నిప్పంటుకున్నట్టు పూసిన చెట్లు చూసి నడివీధిలో నిలబడిపోయింది. వెనక జట్కావాడు బూతులు తిట్టినా కదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు బట్టల మూటలో పెట్టుకుని మూరెడు పొడుగున్న నల్లటి కాయ ఒకటి తెచ్చింది. గింజల్ని వేన్నీళ్ళలో నానబెట్టి పెరట్లో వేసింది. మొలిచింది ఒక్కటే. మార్గశిరపు మంచుకు లేత ఆకు మాడిపోతుంటే రాగిగడ్డి చుట్టి, గోనెపట్టా కప్పి, చంటిపిల్లను సాకినట్టు సాకింది. తరువాత పంపకాలొచ్చి గోడ కడుతుంటే, ఆ మొక్క ఉన్న జాగా మాకే రావాలని మగవాళ్ళ ఎదుట నిలబడి పట్టుబట్టింది. బైరప్ప ఆ జాగా వదులుకున్నాడు. ఆమె నోరెత్తిన సంగతి మాత్రం వదల్లేదు.

జాగా దక్కింది, చెట్టు పెరిగింది. పువ్వు మాత్రం రాలేదు.

మండికల్లు మనుషులకు చెట్టు పెంచడమంటే మల్బరీ పెంచడమే. ఏటా వానలు వెనకబట్టాక మల్బరీని మొదలంటా కొడతారు, పేడ ఎరువు వేస్తారు, నీళ్ళు కడతారు. అది రెచ్చిపోయి చిగురేస్తుంది. మునినారాయణ అదే కత్తితో తురాయిని కూడా ఏటా గోడెత్తుకు కొట్టేసేవాడు. పురుగులు తిని వదిలిన చెత్తంతా దాని మొదట్లోనే పోసేవాడు. వంతు నీళ్ళు ముందు దానికే. చెట్టు ఏం చేస్తుంది, మల్బరీ చేసిందే చేసింది. బారెడు బారెడు కొమ్మలు వేసి, రెండు పెరళ్ళకూ సరిపోయేంత ఆకు ఇచ్చింది. మల్బరీ ఇంట పుట్టి మల్బరీ ఇంట మెట్టిన యశోదమ్మకు కూడా ఆ కత్తిలో తప్పుందని తట్టలేదు.

తురాయి ఆకు సన్నం, తాలు లాగా ఎగురుతుంది. ఆ ఏడు దసరా ముందర, బైరప్ప ఇంట్లో పట్టుపురుగులు గూళ్ళు కట్టే ముందు రాత్రింబగళ్ళు మేసే రోజుల్లో, పడమటి గాలి లేచింది. పురుగుల కోసం కోసి పరిచిన మల్బరీ ఆకు మీద తురాయి పొట్టు జల్లుమని రాలింది. బైరప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ తట్ట ఒకటి నడుముకెత్తుకుని గోడ దగ్గరకు వచ్చింది.

"ఓయమ్మా యశోదా! నీ చెట్టు నా పురుగులకి అక్షింతలు యేస్తాండాది, రా చూద్దువు!"

"చూసినాలే అక్కా. గాలికి రాలతాది. గాలి నేను ఊదతాండానా?"

"గాలి నువ్వు ఊదలేదు, చెట్టు నువ్వు పెట్టినావు. ఒక్కొక్క ఆకూ ఏరేదానికి నాకేమన్నా కోడిముక్కుండాదా? కాయ లేదు, పండు లేదు, మేకన్నా తినదు. గొడ్డు చెట్టు పెట్టుకుని కూర్చున్నావు."

"గొడ్డు చెట్టని నోరు జారొద్దక్కా. పూసే చెట్టది."

"పూసే చెట్టా? నీకొక్కదానికే చూపించి పూస్తాదేమో. మా కండ్లు పోయినాయి గదా!"

తట్ట గోడ మీద కొట్టింది. పొట్టంతా యశోదమ్మ తల మీద పడింది. ఆ సాయంత్రమే బైరప్ప పంచాయితీకి చెప్పి వచ్చాడు.

పంచాయితీ అంటే ఊరి పెద్ద వెంకటరామప్ప అరుగు. బైరప్ప అరుగు మీద కూర్చున్నాడు. మునినారాయణ అన్న ఎదుట కూర్చోలేక స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. యశోదమ్మ అరుగు కింద, కొంగు నిండుగా కప్పుకుని నిలబడింది.

"మా ఇంటి ఆడది అరుగు కాడికొచ్చి మాట్లాడేదేంది?" అన్నాడు బైరప్ప.

"అరుగెక్కలేదు గదా బావా, కిందనే ఉండా. చెట్టు నాది. నోరూ నాదే."

వెంకటరామప్ప వక్క కొరుకుతూ ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, ఆ చెట్టు కాయలు తినేదానికొస్తాయా?"

"రావప్పా."

"ఆకు గొడ్లు తింటాయా?"

"తినవు."

"మొద్దు దూలానికొస్తాదా?"

"రాదనుకుంటా."

"మరేం చేస్తాదమ్మా అది?"

"పూస్తాది."

"ఎప్పుడు?"

బైరప్ప తొడ చరుచుకుని నవ్వాడు. "అడుగప్పా, బాగా అడుగు! పిల్లోళ్ళు పుట్టి బడికి పోతాండారు. ఇది మాత్రం ఇంకా పుష్పవతి కాలేదు!" అరుగు మీదున్న వాళ్ళంతా నవ్వారు. స్తంభం దగ్గర మునినారాయణ కూడా పెదవి చివర నవ్వబోయి, భార్య చూపు తగిలి ఆగిపోయాడు.

"నవ్వండి," అంది యశోదమ్మ. "ఈ ఎండాకాలం పూస్తే ఏం చేస్తారు? అది చెప్పండి."

వెంకటరామప్పకు ఆ మాట నచ్చింది. తగువు తీర్చడం కన్నా వాయిదా వేయడం ఆయనకు ఇష్టం. "సరే. రోహిణి కార్తె దాటేలోగా పూస్తే చెట్టుండాల. పూయకుంటే బైరప్ప కొట్టేసుకుంటాడు, కట్టెలూ ఆయనవే. అందాకా ఆ చెట్టు మీద ఎవురూ కత్తి పెట్టకూడదు. ఏమప్పా బైరప్పా, నీకే చెప్తాండా."

ఇక్కడ మునినారాయణ మొదటిసారి నోరు తెరిచాడు. "కత్తి పెట్టకుంటే చిగురెట్లా వస్తాదప్పా? మేము ఏటా కొడతాం గదా, ఈ నెల్లోనే కొట్టాల."

"ఎవురూ అంటే ఎవురూ. నువ్వూ అంతే."

ఇంటికి పోతూ మునినారాయణ దారి పొడుగునా గొణిగాడు. "కొట్టకుంటే చెట్టు ముసలిదై పోతాది. చిగురు లేంది పువ్వెట్లా వస్తాది? మనకు ఉరేసినాడు పెద్దాయన." యశోదమ్మకూ అదే భయం.

ఆ తరువాతి వంతు రోజున మునినారాయణ ఎద్దుల్ని తోలుకుని పోయేసరికి తూముకు అడ్డంగా రాతిపలక ఉంది. పలక చుట్టూ బంకమట్టి మెత్తి ఉంది.

"అన్నా, ఈ పొద్దు మా వంతు."

"తోలుకో. వద్దన్నోడెవుడు? నీళ్ళు తోటకిచ్చినారు, షోకు చెట్టుకియ్యలేదు. చెట్టు తాగకుండా తోటకు తోలుకునేదుంటే చెప్పు, ఇప్పుడే రాయి తీస్తా."

"కాలవ చెట్టు మొదట్లోంచే గదన్నా పోయేది!"

"ఆ సంగతి నీ పెండ్లాన్ని అడుగు. పంచాయితీల్లో మాట్లాడే తెలివుండాది గదా."

మునినారాయణ వెంకటరామప్ప దగ్గరకు పరుగెత్తాడు. ఆయన బైరప్పను పిలిపించి ఆ మాటే మళ్ళీ అనిపించాడు. చెట్టు తాగకుండా నీళ్ళు తోలుకుంటే రాయి తీస్తానని బైరప్ప పదిమందిలో ఒప్పుకున్నాడు. "న్యాయంగానే ఉండాది గదప్పా," అని వెంకటరామప్ప వక్క ఉమ్మేశాడు.

మునినారాయణ ఇంటికొచ్చి పార అందుకున్నాడు. చెట్టుకు ఎడంగా కొత్త కాలవ తవ్వుతానన్నాడు. యశోదమ్మ పార లాగేసుకుంది.

"ఆ కాలవ తవ్వితే చెట్టును మన చేత్తో మనమే సంపినట్లే. అదే గదా ఆయనకు కావాల్సింది? తోటా ఎండనీ. చెట్టుతో బాటే ఎండనీ."

"తోటెండితే పురుగులకేం పెడతావే? నీ పూలా?"

"నోరు మూసుకో. మీ అన్న ముందర తెరిచేది చేతకాదు, నా మింద తెరుస్తావు."

ఆ చలికాలం వాళ్ళ మల్బరీ ఆకు పసుపెక్కి, అంచులు మాడి, పురుగులకు పనికిరాకుండా పోయింది. తట్టలు అటకెక్కాయి. గోడ అవతల సుబ్బలక్ష్మమ్మ, పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు ఎండకు పెట్టి, ఇవతలి వాళ్ళకు వినబడేలా లెక్కపెట్టేది. మునినారాయణ భార్యతో మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అరుగు మీద పడుకునేవాడు.

యశోదమ్మ కొన్నాళ్ళు ఊరి బావి నుంచి రెండు కడవలు ఎక్కువ మోసి చెట్టు మొదట్లో పోసింది. మాఘం వచ్చేసరికి ఊరి బావిలో కూడా నీళ్ళు అడుగంటాయి. ఆమె మూడో కడవ ముంచుతుండగా లక్ష్మీదేవమ్మ అనే ముసలావిడ చేద తాడు పట్టేసుకుంది.

"యాడికే ఆ కడవ? తాగేదానికా, నీ సింగారానికా?"

"ఇంటికే అవ్వా."

"ఇల్లు తూర్పుపక్క ఉండాది. నువ్వు పోయేది పెరటిపక్క. పిల్లోళ్ళకి గొంతు తడిపేదానికి లేక మేము చస్తాంటే, మొద్దుకి స్నానం చేయిస్తాండావే! ఇంగోసారి చూసినానంటే కడవ పగలగొడతా."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళెవరూ యశోదమ్మ వైపు మాట్లాడలేదు. ఆమె కడవ అక్కడే వదిలేసి వచ్చింది. ఆ తరువాత చెట్టుకు చుక్క నీరు లేదు.

శివరాత్రికి తురాయి ఆకంతా పసుపు పచ్చనై రాలింది. నల్లటి కొమ్మలు, వాటి కింద నెర్రెలిచ్చిన నేల. ఒక్క బైరప్ప పెరట్లోకి వాలిన కొమ్మ మీద మాత్రం పాత ఆకు పచ్చగానే నిలిచింది. ఆ వింతను పట్టించుకునే ఓపిక ఎవరికీ లేదు. మునినారాయణ ఒక పొద్దున గోటితో బెరడు గీరబోతే యశోదమ్మ ఆ చేతి మీద కొట్టింది.

"చచ్చిందో లేదో చూస్తాండానే."

"చచ్చింటే నేనే చెప్తా. గీరొద్దు."

బైరప్ప పేరేసంద్ర పోయి రంపం కోత వాళ్ళకు చెప్పి వచ్చాడు. రోహిణి దాటిన మరుసటి రోజే రమ్మన్నాడు. వస్తూ వస్తూ గోడ మీదుగా తలపెట్టి, "మునీ, నీ గొడ్డలి ఎరువిస్తావా? నాది మొండైపోయింది. కట్టెల్లో నీకీ ఒక మోపిస్తాలే, వదినమ్మకు పొయ్యిలోకి," అన్నాడు. తమ్ముడి పెళ్ళాన్ని వదినమ్మ అనడం ఎంత వెటకారమో అందరికీ తెలుసు. లోపల రాగులు విసురుతున్న యశోదమ్మ తిరగలి ఆపలేదు. కాని ఆ పూట పిండి బరకగా వచ్చింది.

భరణి కార్తెలో ఒక ఉదయం ఆమె చెట్టు కింద నిలబడి పైకి చూస్తే కొమ్మల చివర పచ్చటి గుండ్లు కనబడ్డాయి, కంది గింజలంత. ముందు రోజు లేవు, లేకపోతే చూడలేదు. గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెబితే అన్నకు చెబుతాడు. అన్నకు తెలిస్తే తెల్లారేసరికి ఒక్క గుత్తీ ఉండదు. రోజూ పొద్దున చెట్టు వైపు చూడకుండా, చీపురు పట్టుకుని పెరడు ఊడ్చేది. అత్త చచ్చినప్పుడు కూడా ఆ పెరడు అంత శుభ్రంగా లేదు.

మొగ్గలు విచ్చుకున్న రోజు దాచడానికి వీల్లేకపోయింది. తెల్లవారేసరికి నాలుగు కొమ్మలు ఎర్రబడ్డాయి. వారం తిరిగేసరికి చెట్టంతా మండిపోతోంది. ఆకు లేదు, కొమ్మ లేదు, ఉత్త ఎరుపు. జనం వచ్చి చూశారు. చిక్కబళ్ళాపురం సంతకు పోయే బండ్లు దారి మళ్ళి వచ్చాయి. కడవ పగలగొడతానన్న లక్ష్మీదేవమ్మ వచ్చి, రాలిన పువ్వొకటి వాసన చూసి, "వాసన లేదే," అని మూతి తిప్పి, అయినా కొప్పులో పెట్టుకుపోయింది.

అయితే చెట్టు మొత్తం పూయలేదు. బైరప్ప పెరట్లోకి వాలిన పెద్దకొమ్మ మీద ఒక్క పువ్వూ లేదు. నిగనిగలాడే ఆకు మాత్రం ఉంది. ఊరికి ఇంతకన్నా ఏం కావాలి?

"ఏమప్పా బైరప్పా, చెట్టు కూడా నీ మొగం చూసి పక్కకు తిరుక్కునిందే!"

"రోహిణి దాటితే ఆ కొమ్మ ఒక్కటన్నా నరుక్కో, నీ బాకీ తీరిపోతాది!"

బైరప్ప పేరేసంద్ర రంపం వాళ్ళకు రావద్దని కబురు పంపాడు. మూడు పూటలు పెరట్లో బండ మీద కూర్చుని ఆ కొమ్మనే చూశాడు. నాలుగో పూట అతని చూపు కొమ్మ మీంచి దిగి గోడ మొదట్లో ఆగింది. అక్కడ తన ఇంటి జలదారి పారుతుంది. స్నానాల నీళ్ళు, గొడ్లు కడిగిన నీళ్ళు, అన్నీ అక్కడే ఇంకుతాయి. నేల నల్లగా, తడిగా, వానపాములతో ఉంది. బైరప్ప గోడ ఎక్కి అవతలి నేల చూశాడు. అటు పక్క కాలు దూరేంత నెర్రెలు. పైకి చూశాడు, ఎరుపు. దిగి మళ్ళీ ఇటు చూశాడు. పచ్చన. నీళ్ళు తాగిన కొమ్మకు ఆకు. గొంతెండిన కొమ్మకు పువ్వు. రాతిపలక పెట్టింది ఎవరో అతనికి గుర్తొచ్చింది. తన మొహాన తనే ఉమ్ముకున్నట్టయింది.

వెంకటరామప్ప వచ్చి చూసి, "చెట్టుండాల," అన్నాడు.

"ఉండనీప్పా," అన్నాడు బైరప్ప. "నేను వద్దన్నానా? కానీ ఒక్క ఏడు పూసి మానుకుంటే? పూసే చెట్టని గదా ఉండనిస్తాండేది. ఏ ఏడు పూయకుంటే ఆ ఏడు కొడతా."

"న్యాయమే. ఏమ్మా?"

యశోదమ్మ ఆ రోజు గెలుపు మీద ఉంది. "సరే. పూయని ఏడు నీదే బావా," అనేసింది.

వానలు వచ్చాయి, పోయాయి. కత్తి పెట్టని ఏడే పూసిందని మునినారాయణ ఈసారి మల్బరీని కొట్టాడు గాని తురాయి జోలికి పోలేదు. చలి మొదలైన ఒక పొద్దున, వాళ్ళ వంతు కూడా కాని రోజున, తూములోంచి బుడబుడమని నీళ్ళు వచ్చాయి. మునినారాయణ పరుగెత్తుకెళ్ళి గోడ మీదుగా చూస్తే రాతిపలక పక్కన పడి ఉంది. బైరప్ప సొంత ఎద్దులు కట్టి, సొంత గొంతుతో అదిలిస్తూ కపిల తోలుతున్నాడు.

"తాగనీరా మునీ, నీ చెట్టును బాగా తాగనీ! ఊరంతా చూసే చెట్టు, ఎండిపోతే మనకే గదా పరువు తక్కువ!"

మునినారాయణ కళ్ళు తుడుచుకుంటూ ఇంట్లోకొచ్చాడు. "అన్న మనసు మారిందే."

"మీ అన్న మనసు మారేలోగా ఈ గోడ లేచి నడిచిపోతాది," అంది యశోదమ్మ. బయటికొచ్చింది. నీళ్ళు తురాయి మొదట్లో మోకాలి లోతున నిలుస్తున్నాయి. అడగకుండా పోసిన నీళ్ళు. ఆమె చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. పైన, అవతలి పక్కకు వాలిన కొమ్మ కేసి చూసింది. జలదారి చప్పుడు విన్నది. పోయిన ఏడాది మూసిన తూము, రాలిన ఆకు, పూసిన పువ్వు, పూయని కొమ్మ ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళ ముందు నిలిచాయి. చీర ఎగచెక్కి, పార అందుకుంది.

తూము దగ్గరే కాలవను పక్కకు విరగగొట్టింది. చెట్టు చుట్టూ కట్ట పోసింది. నిలిచిన నీళ్ళను కుండతో ముంచి మల్బరీ మడుల్లోకి పోసింది. మునినారాయణ మొదట నోరు తెరుచుకుని చూసి, తరువాత రెండో పార తెచ్చుకున్నాడు. పొద్దెక్కేసరికి అన్న ఎద్దులు తోడిన నీళ్ళన్నీ చెట్టుకు చుక్క తగలకుండా మల్బరీ తోటలోకి పారుతున్నాయి.

అవతల బైరప్పకు అనుమానం వచ్చింది. కపిల గట్టెక్కి చూశాడు.

"ఏం చేస్తాండావే?"

"నువ్వు చెప్పిన పనే బావా. చెట్టు తాగకుండా తోటకు తోలుకుంటాండా. పోయినేడే చెప్పినావు, మా మొద్దు బుర్రలకి ఇప్పటికెక్కింది."

బైరప్ప గట్టు దిగి, రాతిపలక రెండు చేతులతో ఎత్తాడు.

"మూస్తావా? ముయ్యి. వెంకటరామప్పను పిలుచుకొస్తా ఉండు. చెట్టు తాగకుంటే రాయి తీస్తానని ఆయన ముందరే గదా అనింది?"

రాతిపలక చాలాసేపు చేతుల్లోనే ఉంది. దాని మట్టి కారి బైరప్ప పాదాల మీద పడింది. కపిల దారి నడుమ ఎద్దులు, నిండు బానతో, ఏం చేయమంటావన్నట్టు నిలబడిపోయాయి. చివరికి అతను పలకను నేల మీద పడేశాడు. అది రెండు ముక్కలైంది.

"ఎద్దుల్ని ఇప్పేయి బావా, అలిసిపోయినాయి," అంది గోడవతలి గొంతు. "రేపు మా వంతు. మావే తోలుకొస్తాం."

బైరప్ప తలెత్తాడు. తన పెరట్లోకి వాలిన కొమ్మ మీంచి సన్నటి ఆకు రెండు మూడు రాలి భుజం మీద పడ్డాయి. ఇంట్లోకి తిరిగి గొంతు చించుకుని అరిచాడు.

"ఏమే, సుబ్బలక్ష్మీ! గొడ్లన్నిటినీ పట్టుకొచ్చి ఈడ కడుగు! ఈ జలదారిలో ఇంగో నాలుగు కడవలు పొయ్యి! ఈ కొమ్మన్నా పూయకూడదు!"